ఆడినది చాలును

హైటెక్కు సిటీలోని కంప్యూటరు ఉద్యోగులలో పోకరును వీడలేనివారు కొందఱు గలరు. డబ్బొడ్డి అంతర్జాలమున నాడు పేకాటను తెలంగాణ ప్రభుత్వము 2017లోనే నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని అట్టి చట్టమే చేసినది. అయినను విదేశీయుల బల్లలకు దొంగదారి వెదకుచున్నారు! ఇది నేర్పుగల యాట, నేడు కాకున్న రేపు పోయినది వచ్చునని వారి వాదము. సికిందరాబాదు క్లబ్బు వ్యాజ్యమున 1967లో సుప్రీముకోర్టు నేర్పు ప్రధానమన్నది రమ్మీని గూర్చి. పోకరున నేర్పే లేదని మేమనము. ఆ నేర్పెవరిదని యడుగుచున్నాము. పదుగురు తలకు నూఱేసి రూపాయలు కట్టిరనుకొందము. ఆట నడుపువాడు నూఱు తీసికొని తొమ్మిదివందలే పంచినచో, సరిసమానులందఱును కాలక్రమమున నోడవలసినదే. ముగ్గురు కూర్చుండి నిమిషములలో ముగించు పందెములందు అదృష్టము మఱింత ప్రబలము. ఇంతవఱకాడిన యాటలన్నిటి జమాఖర్చు తీయుడు. నష్టము తేలిన రీతిని ఆ దినమే విడువుడు. లెక్కయే లేనివాడు నేర్పరినని యెట్లు చెప్పుకొనును? పోయిన ధనము చాలక ధర్మరాజు తమ్ములనొడ్డెను. మనవారు అప్పుదెచ్చి పందెము పెంచుచున్నారు. అప్పటికే లేవవలసిన వేళ దాటినది. విదేశీయుల బల్లయొద్ద గెలుతుమనువారు 1872నాటి ఒప్పందముల చట్టము 30వ సెక్షనును చూడవలయును. పందెమున గెలిచితిమనిన సొమ్మునకై దావా చెల్లదు.