బిడ్డ సంతకం, నాన్న తోపు

అమెరికాలో స్థిరపడిన బిడ్డలు ముసలి తల్లిదండ్రులను శాశ్వతంగా పిలిపించుకుంటామంటే, మన చిత్తూరు, తిరుపతి పల్లెల్లో ముందు పుట్టే దిగులు "బ్యాంకులో ఎంత చూపించాల?" అని. ఆ దిగులుతోనే మామిడితోపు బేరానికి పెట్టేవారున్నారు. తొందరపడకండి.

ఆదాయం చూపవలసింది తండ్రి కాదు, పిలిచే కొడుకో కూతురో. వారు 21 ఏళ్లు నిండిన అమెరికా పౌరులై ఉండాలి. అక్కడి ప్రభుత్వం ఏటా ప్రకటించే పేదరికపు కొలతకు 125 శాతం ఆదాయం ఉండాలి. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, వెళ్లే అవ్వాతాతలు కలిసి ఆరుగురైతే, 2024 లెక్కన చాలా రాష్ట్రాల్లో అది ఏడాదికి 52,450 డాలర్లు. ఆదాయం చాలకపోతే తల్లిదండ్రుల ఆస్తినీ చూపవచ్చు. అయితే తగ్గిన మొత్తానికి అయిదింతల విలువ ఉండాలి, ఏడాదిలోగా సొమ్ము చేసుకోగలిగినదై ఉండాలి. లేదా అక్కడున్న మరొకరు జామీను నిలవవచ్చు.

జామీను మాత్రం చిన్న విషయం కాదు. 1997 డిసెంబరు నుండి ఆ సంతకం కోర్టులో నిలిచే ఒప్పందం. వచ్చినవారు పౌరులయ్యేదాకా, లేదా వారి లెక్కలో సుమారు పదేళ్ల పని చేరేదాకా ఆ బాధ్యత మామూలుగా తీరదు. సంఘంలో తోటి విశ్వాసిని మొగమాటపెట్టి సంతకం అడిగేవారు ఈ సంగతి దాచడం న్యాయమా?

అసలు ఖర్చు వైద్యానిది. 65 నిండినా, అక్కడ ఎన్నడూ పని చేయనివారికి ప్రభుత్వ వైద్య బీమా సాధారణంగా 5 ఏళ్ల నివాసం తర్వాతే దొరుకుతుంది, అదీ ప్రీమియం కట్టి. ఆ 5 ఏళ్లూ ప్రైవేటు బీమా ఎవరు కడతారో కొడుకునే కాదు, కోడలినీ అడగండి. కొన్నాళ్లు మనవళ్లను చూసి రావడమే కోరికైతే విజిటరు వీసా ఉంది, దానికి ఈ 125 శాతం నిబంధన లేదు.