నచ్చలేదా? బాగాలేదా?



"ఆ సినిమా ఉత్త చెత్త!" "కాదు, చాలా బాగుంది!" అని మీరు వాదించుకుంటూ ఉంటారు. వాదించడం మంచిదే. కాని "నాకు నచ్చలేదు" అనడం వేరు, "అది బాగాలేదు" అనడం వేరు. మొదటిదానికి సాక్ష్యం అక్కరలేదు. రెండవదానికి కావాలి.

వచ్చిన డబ్బే సాక్ష్యమంటారా? అయితే వినండి. "చందమామ" పత్రికను 1947లో ప్రారంభించిన నాగిరెడ్డి, చక్రపాణి గారలు 1950లో "షావుకారు" అనే చిత్రం తీశారు. దర్శకులు ఎల్.వి. ప్రసాద్ గారు. స్నేహంగా ఉండే రెండు ఇరుగుపొరుగు కుటుంబాలు పంతాలకుపోయి విరోధులు కావడం అందులోని కథ. పెద్దలు మెచ్చుకున్నారు గాని, డబ్బు అంతగా రాలేదు. మరుసటి యేడు వారే తీసిన "పాతాళభైరవి" ఊరూరా విరగబడి ఆడింది. అయినా "షావుకారు" మరుగున పడలేదు. కాలం గడిచినకొద్దీ దాని విలువ పెరిగింది. అందులో నటించిన జానకి గారికి "షావుకారు జానకి" అన్న పేరే నిలిచిపోయింది!

అలాగని, ఆడని సినిమాలన్నీ గొప్పవని కాదు. కథ అతకనివీ ఉంటాయి. అందుచేత తీర్పు చెప్పేముందు సినిమా పూర్తిగా చూడండి. ఏ ఘట్టం, ఎందుకు బాగాలేదో చెప్పండి. ఎదుటివాడి మాట సబబుగా ఉంటే ఒప్పుకోండి. అది ఓటమి కాదు. తొందరపడి "చెత్త" అంటే, మీ మాట నమ్మినవారికి ఒక మంచి సినిమా దక్కకుండా పోవచ్చు.

ఈ నెల ఒక పని చేయండి. ఎవరూ మెచ్చకపోయినా తమకు నచ్చిన సినిమా ఏదో మీ అమ్మానాన్నలను అడగండి. ఎందుకు నచ్చిందో కూడా అడగడం మరువకండి.