సెక్టర్ 4 నుంచి మంచుకొండ దాకా

ఇరవై ఏళ్లుగా అనువాదాలు చేస్తూ నేను పాఠకుల పట్ల ఒక చిన్న మోసం చేస్తున్నాను. ఇంగ్లీషు కథల్లో తెల్లవారుజామున గడ్డిపరక మీద నిలిచే బొట్టుకు ఒక మాట, దారి కనబడకుండా కమ్మే పొగతెరకు మరొక మాట, ఆకాశం నుంచి దూదిపింజల్లా రాలే దానికి ఇంకొక మాట, చెరువు మీద గట్టిగా పేరుకునే దానికి వేరొక మాట ఉన్నాయి. నేను నాలుగింటికీ ‘మంచు’ అనే రాసి, సందర్భాన్ని బట్టి పాఠకులే గ్రహిస్తారులెమ్మని ఊరుకుంటాను. శైలి కాస్త గంభీరంగా ఉండవలసిన చోట హిమమనో, తుషారమనో వేస్తాను. అసలు సంగతేమిటంటే, నలభై అయిదేళ్లు వచ్చేదాకా ఆకాశం నుంచి రాలే ఆ మంచును నేను కంటితో చూడలేదు. భిలాయిలో పుట్టి పెరిగినదాన్ని. మే నెల ఎండ, రాత్రివేళ కొలిమి వెలుగు నాకు బాగా తెలుసు. చూడనిదాన్ని వర్ణించడంలో ఒక బెరుకు ఉంటుంది. ఆ బెరుకు తీర్చుకోవడానికే కిందటి మార్చిలో మేము ముగ్గురం, అంటే నేనూ మావారూ ఎనిమిదో తరగతి పరీక్షలు రాసిన మా అబ్బాయీ, పరదేశానికి స్కీయింగ్‌కు వెళ్లివచ్చాం.

ఈ కోరికకు ఇంకొక వేరు కూడా ఉంది. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం వల్ల మా ఊరికి ఉక్కు కర్మాగారం వచ్చింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ తరువాత కొన్నేళ్లకు శ్రీకాకుళం జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చిన మా నాన్నగారు, 1970ల చివర శిక్షణ కోసం ఒక చలికాలం సోవియట్ దేశంలో గడిపారు. ఒక ఆదివారం అక్కడి తోటి ఉద్యోగులు ఆయనను ఊరి వెలుపలి దిబ్బలకు తీసుకువెళ్లి, కాళ్లకు స్కీలు కట్టుకోమన్నారట. నాన్నగారు వద్దన్నారు. “కాలు విరిగితే ఉద్యోగం ఏమవుతుందో! ఇంటి దగ్గర తమ్ముళ్లు ముగ్గురు చదువుకుంటున్నారు” అన్నది ఆయన లెక్క. టోపీ, పొడుగు కోటుతో, చేతిలో స్కీలు పట్టుకుని నిలబడిన ఆయన ఫోటో మా సెక్టర్ 4 క్వార్టరు గోడ మీద ఇప్పటికీ ఉంది. చేతిలోనే ఉన్నాయి, కాళ్లకు లేవు.

మా బంధువుల్లో కొందరు, “ఆ డబ్బు పెడితే చక్కగా ఒక గొలుసు వస్తుంది కదా” అన్నారు. మాట నిజమే. స్కీయింగ్ అనగానే స్విట్జర్లాండు, సినిమా తారలు గుర్తుకు రావడం సహజం. మేము మూడేళ్లపాటు రికరింగ్ డిపాజిట్ కట్టి, ముగ్గురికీ కలిపి నాలుగు లక్షలు దాటరాదని గిరి గీసుకుని, ఆ తరువాతే అట్లాసు తెరిచాం. ప్రయాణానికి మొదట కావలసింది స్థలం కాదు, హద్దు. ముందు స్థలం ఎంచుకుంటే ఖర్చు దాని వెనుక పరుగెడుతుంది. ముందు హద్దు గీసుకుంటే స్థలమే మనల్ని వెతుక్కుంటూ వస్తుంది.

మన దేశంలో మంచు లేదా అని మీరు అడగవచ్చు. నిక్షేపంగా ఉంది. కాశ్మీరులో గుల్మార్గ్, ఉత్తరాఖండ్‌లో ఔలీ ఉన్నాయి; రెండు చోట్లా నేర్పేవారున్నారు. స్కీయింగ్ ఒక్కటే లక్ష్యమైనవారు ముందుగా అక్కడికే వెళ్లడం ఉత్తమం. అయితే 2024 జనవరిలో గుల్మార్గ్ వాలులు చాలా రోజులపాటు మంచు లేక బోసిపోయాయి. ఎక్కడికి వెళ్లేవారైనా బయలుదేరేముందు ఆ ఏటి మంచు సంగతి వాకబు చేయాలని అది నేర్పిన పాఠం. మా ప్రయాణాన్ని కజకిస్తాన్ వైపు తిప్పింది మాత్రం మా అక్క కూతురు. తెలుగునాట నుంచి వేలాది పిల్లలు వైద్యవిద్య కోసం మధ్య ఆసియాకు వెళ్తున్న సంగతి తెలిసిందే. ఆ అమ్మాయి అల్మాటీలో చదువుతోంది. “పిన్నీ, మా హాస్టలు కిటికీలోంచి మంచుకొండలు కనిపిస్తాయి. నువ్వు ఒక్కసారి ఆవకాయ పట్టుకుని రా, మిగిలింది నేను చూసుకుంటాను” అని రెండేళ్లుగా పిలుస్తోంది.

మా మొదటి పథకంలో మూడు దేశాలు, అయిదు మజిలీలు ఉండేవి. జార్జియాలోని గుదౌరీ కూడా పేరున్న చోటే. టిబిలిసి నుంచి సుమారు 120 కిలోమీటర్లు. కాగితం మీద ఎంతో అందంగా కనబడింది. లెక్క వేసి చూస్తే, ఒక్కొక్క కొత్త దేశానికి ఒక విమానం టికెట్టు, ఒక వీసా, ఒక పగలంతా విమానాశ్రయాల్లో పడిగాపులు తేలాయి. జార్జియాను కొట్టివేయగానే ఖర్చు దిగింది, రెండు రోజులు మిగిలాయి. ఎక్కువ మజిలీల ప్రయాణంలో పొదుపు రహస్యం ఇదే: మజిలీలన్నీ ఒకే దారిలో ఉండాలి, వచ్చిన దారినే వెనక్కి పోకూడదు. ఢిల్లీ నుంచి తాష్కెంటు, అక్కడ నుంచి రైలులో సమర్ఖండ్ చూసి తిరిగి తాష్కెంటు, అక్కడ నుంచి గంటన్నర విమానంలో అల్మాటీ, అల్మాటీ నుంచి నేరుగా ఢిల్లీ. వెనక్కి మళ్లినది ఆ ఒక్క సమర్ఖండ్ ముక్కే. రెండు గంటల పైచిలుకు రైలు గనుక అది భారం కాలేదు. మొదటి మజిలీకి వచ్చిపోయే టికెట్టు కొని, మధ్యలో మిగతావి అతికించి ఉంటే తాష్కెంటుకు మళ్లీ రావలసి వచ్చేది.

వీసా సంగతి కూడా ఈ దారికి అనుకూలించింది. 2022 జూలై నుంచి భారతీయులు కజకిస్తాన్‌లో ఒక విడతకు 14 రోజుల వరకు వీసా లేకుండా ఉండవచ్చు. ఉజ్బెకిస్తాన్‌కు ఇంటి నుంచే ఎలక్ట్రానిక్ వీసాకు దరఖాస్తు చేసుకున్నాం. మనిషికి 20 డాలర్లయింది. ఇటువంటి నిబంధనలు మారుతూ ఉంటాయి గనుక టికెట్టు కొనేముందు ఆయా ప్రభుత్వాల వెబ్‌సైట్లను స్వయంగా చూసుకోవాలి. ఎవరో వెళ్లివచ్చారన్న మాట మీద ఆధారపడరాదు. ఆ ఎవరో నేనైనా సరే.

తరువాత తేదీలు. అక్కడ క్రొత్త సంవత్సరం నుంచి జనవరి మొదటివారం దాకా సెలవుల రద్దీ. గదుల అద్దెలు ఆకాశాన్ని అంటుతాయి. మార్చి 21 నుంచి నౌరుజ్ పండుగ సెలవులు. మేము పండుగ వెళ్లాక, మా అబ్బాయి పరీక్షలైన మార్చి చివరివారం ఎంచుకున్నాం. అప్పటికి నగరంలో చెట్లు చిగురిస్తున్నా, మీద కొండల్లో మంచు నిలిచే ఉంటుంది. చలి తగ్గుతుంది గనుక ఖరీదైన ఉన్నిబట్టలు కొనే పని తప్పుతుంది. ఒక్క ఇబ్బంది ఉంది: మధ్యాహ్నానికి మంచు మెత్తబడి కాళ్లను పట్టుకుంటుంది. కనుక ఉదయమే కొండ ఎక్కి ఒంటిగంటకల్లా దిగిపోయేవాళ్లం. ఇంకొక నియమం, శని ఆదివారాల్లో కొండ జోలికి పోలేదు. పనిరోజుల్లో వాలు మీదా లిఫ్టు దగ్గరా జనం తక్కువ, రుసుమూ తక్కువ.

దుర్గ్‌లో రైలెక్కి దాదాపు ఒక పగలూ రాత్రీ గడిపి ఢిల్లీ చేరాం. భారతీయ రైల్వేలకు పట్టాలందించే ఊరు మాది. ఆ పట్టాల మిల్లులోనే పనిచేసే మావారికి రైలు శబ్దం జోలపాట. తాష్కెంటులో ఒక పూట లాల్ బహదూర్ శాస్త్రిగారి విగ్రహం దగ్గర నిలిచాం. 1966 జనవరి 11న ఆయన కన్నుమూసింది ఆ నగరంలోనే. సమర్ఖండ్‌లో నీలి గుమ్మటాలు చూసి, నాలుగోనాటికి అల్మాటీ చేరాం.

ఆ నగరంలోనే మా పొదుపుకు అసలైన కీలకం ఉంది. ఐరోపాలో చాలా చోట్ల స్కీయింగ్ చేయాలంటే కొండ మీది హోటల్లోనే బస చేయాలి. అల్మాటీకి కొండ కేవలం 25 కిలోమీటర్ల దూరం. సిటీ బస్సులో మెదెయు అనే చోటికి వెళ్లాం. సముద్రమట్టానికి 1,691 మీటర్ల ఎత్తున ఉన్న అక్కడి స్కేటింగ్ మైదానం జగత్ప్రసిద్ధం. అక్కడ నుంచి తీగమార్గంలో వేలాడే పెట్టె మనల్ని 2,260 మీటర్ల ఎత్తున ఉన్న షింబులాక్‌కు చేరుస్తుంది. అక్కడ నుంచి ఇంకా పైకి, దాదాపు 3,200 మీటర్ల దాకా లిఫ్టులున్నాయి. మావంటి శిశువులకు ఆ పైభాగంతో పనిలేదు. బస నగరంలో, భోజనం మా అమ్మాయి చూపించిన భారతీయ మెస్‌లో, ఆట కొండ మీద. మొత్తం ఏడు రాత్రుల్లో నాలుగు ఉదయాలు మాత్రమే కొండకు కేటాయించాం. ఒళ్లు నొప్పులు తీరడానికి మిగతావి అవసరమని రెండోనాడే తెలిసింది.

స్కీలు, బూట్లు, ఊతకర్రలు, శిరస్త్రాణం అన్నీ అద్దెకే తీసుకున్నాం. చేతితొడుగులు, నల్లకళ్లజోళ్లు, ఒక్కొక్క జత పలుచని ఉన్ని మేజోళ్లు మాత్రం కొన్నాం. మేజోళ్లు రెండు జతలు తొడిగితే వెచ్చగా ఉంటుందనుకోవడం పొరపాటు. బూటులో పాదం బిగువుగా ఉండాలి, లేకపోతే బొబ్బలెక్కుతాయి. మొదటి రోజు నేర్పేవారికి ఇచ్చిన డబ్బు ప్రయాణం మొత్తంలో సార్థకమైన ఖర్చు. ఆయన నేర్పిన మొదటి విద్య ఆగడం. రెండు స్కీల కొసలూ ముందు దగ్గరగా, మడమలు వెనుక దూరంగా పెడితే వేగం తగ్గుతుంది. ఆ భంగిమకు ఇంగ్లీషువారు పెట్టిన పేరులో నాగలి ఉంది. స్కీ అన్న మాటకు పురాతన నార్వే భాషలో చీల్చిన కర్ర అని అర్థం. అంటే మన ‘బద్ద’! నాగలి తెలిసినవాళ్లం, బద్ద తెలిసినవాళ్లం, మనకిది మరీ పరాయి విద్య కాదని ధైర్యం కలిగింది. ఆ ధైర్యంతో మొదటి గంటలోనే ఆరుసార్లు పడ్డాను.

పడినప్పుడు గమనించాను: ఆకాశం నుంచి రాలిన మంచు మొదట మెత్తగా, పొడిపొడిగా ఉంటుంది. అరచేతిలో పిండితే గడ్డ కడుతుంది. ఎండ తగిలితే కన్నీరులా జారుతుంది. చెంపకు తగిలినప్పుడు చల్లగా కాదు, కాలినట్టుంటుంది. ఇరవై ఏళ్లుగా నేను రాసిన మాటల్లో ఈ చివరి సంగతి ఎక్కడా లేదు.

ఇక పొదుపు చేయకూడని ఖర్చు ఒకటుంది. మామూలు ప్రయాణ బీమాల్లో చాలావాటికి స్కీయింగ్ గాయాలు వర్తించవు. పాలసీ కాగితాల్లోని చిన్న అక్షరాలు చదివి, మంచు క్రీడలూ కొండ మీద నుంచి క్షతగాత్రులను దింపే ఖర్చూ రెండూ చేర్చిన పాలసీ తీసుకున్నాం. నాలుగు లక్షల హద్దు దాటేటట్టుంటే ఒక రాత్రి బస తగ్గించుకుందామనుకున్నామే గాని, దీన్ని తగ్గించాలనుకోలేదు.

తిరిగివచ్చిన మర్నాడు నాన్నగారు కళ్లజోడు పెట్టుకుని నా జమాఖర్చుల పుస్తకం తెప్పించుకున్నారు. నాలుగు లక్షలకు లోపలే ఉందని చూసి తల ఊపారు. బీమా దగ్గర వేలు ఆగింది.

“ఇది అనవసరంగా పోయింది కదమ్మా!”

“పోయినందుకు సంతోషించండి నాన్నగారూ” అన్నాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత గోడమీది ఫోటో వైపు చూసి, “ఆ రోజుల్లో మాకు ఇలాంటిది ఉందని ఎవరూ చెప్పలేదు” అన్నారు. పుస్తకం మూసి, మనవణ్ణి పిలిచి, ఆ నాగలి భంగిమ ఎలా పెట్టాలో చూపించమన్నారు. మా క్వార్టరు ముందుగదిలో, గచ్చు మీద, చేతికర్ర ఆనుకుని, డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి మడమలు దూరంగా జరిపి నిలబడ్డారు.