ప్రార్థన మానవద్దు, మందూ మానవద్దు

ప్రశ్న: మా అమ్మగారి వయసు 52 సం.లు. ఎడమ రొమ్ములో గోళీకాయంత గడ్డ కనిపించింది. నొప్పి లేదు. సూదితో ముక్క తీసి పరీక్ష చేసి కాన్సర్ అన్నారు, రెండవ దశ అని చెప్పారు. నాన్నగారు రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. అమ్మ తట్టుకోలేదని ఆయన ‘చిన్న గడ్డే’ అని మాత్రం చెప్పారు. అమ్మేమో ‘చిన్న గడ్డకు ఆపరేషనెందుకు, నలభై రోజులు ఉపవాస ప్రార్థన చేసి అప్పుడు చూద్దాం’ అంటోంది. ఇంట్లో కూడిక పెట్టినప్పుడు వచ్చే ఒక పెద్దాయన, మందు వాడితే విశ్వాసం లేనట్టేనని చెబుతున్నారు. చెల్లికి సంబంధాలు చూస్తున్నాం. ఈ సంగతి బయటికి పొక్కితే పెళ్ళి కాదని నాన్నగారి భయం. మాకు ఏమీ తోచడం లేదు. దయచేసి సలహా చెప్పండి.
— ఒక సోదరి, సికింద్రాబాద్

జవాబు: మీ ఉత్తరంలో నాలుగు ప్రశ్నలున్నాయి. ఒకటి తేలితే రెండవది దానంతటదే తేలుతుంది.

ముందు జబ్బు సంగతి. రెండవ దశ అంటే గడ్డ రొమ్ములోను, మహా అయితే చంకలోని కొన్ని గ్రంథుల వరకు ఉందని అర్థం. ఊపిరితిత్తులకు, కాలేయానికి, ఎముకలకు ప్రాకలేదన్నమాట. ఈ దశలో డాక్టర్లు పూర్తిగా నయం చేయాలనే ఉద్దేశంతోనే వైద్యం మొదలుపెడతారు. తీసిన ముక్కలో హార్మోను గ్రాహకాలు, హెర్-2 అనే మాంసకృత్తు ఉన్నాయో లేదో చూస్తారు. ఆపరేషను ముందా, కీమోథెరపీ ముందా, తరువాత రోజూ మాత్ర వేసుకోవాలా అన్నది వాటిని బట్టి ఉంటుంది. ఆ రిపోర్టు అడిగి తీసుకోండి. రొమ్ము మొత్తం తీయాలనే నియమం కూడా లేదు. తగిన సందర్భాలలో గడ్డవరకే తీసి రేడియేషన్ ఇస్తే ఆయుర్దాయంలో తేడా ఉండదు. సూది గుచ్చితే కాన్సర్ ప్రాకుతుందన్న మాట నిజం కాదు.

పరీక్షలకు రెండు మూడు వారాలు పడితే కంగారు పడనక్కర లేదు. కాని వైద్యం ఆపి నలభై రోజులు కూర్చోవడం వేరు. నలభై అయ్యాక ఇంకో నలభై అంటారు. గడ్డ మాత్రం మనకోసం ఆగదు. రెండవ దశ మూడవ దశ అయ్యేది ఇలాంటి వాయిదాలతోనే.

ఇక దాచడం సంగతి. మీ అమ్మగారు ఆపరేషను వద్దనడానికి మూలం ఎక్కడుందో గమనించారా? చిన్న గడ్డ అని మీరే చెప్పారు. చిన్న గడ్డకు కత్తి ఎందుకని ఆమె అడగడంలో తప్పేముంది? జబ్బు పేరు తెలియనిదే మనిషి సరైన నిర్ణయం తీసుకోలేదు. ఆపరేషనుకు సంతకం పెట్టవలసింది కూడా ఆమే. పైగా కీమో వార్డులో పక్క మంచం ఆవిడ ద్వారా తెలిస్తే, జబ్బుకంటే మీరు దాచారన్న బాధ ఎక్కువవుతుంది.

చెప్పవలసింది మీ నాన్నగారు. ఇంట్లో తీరిక వేళ, చుట్టాలు లేనప్పుడు, పక్కన కూర్చుని చెప్పమనండి. ‘ఇది కాన్సరే. తొందరగానే దొరికింది. వైద్యం ఉంది. మేమంతా నీ వెంట ఉన్నాం.’ ఇంతకంటే పెద్ద ఉపన్యాసం అవసరం లేదు. ఆమె ఏడిస్తే ఏడవనివ్వండి. అడిగినంతవరకే చెప్పండి, తెలియనిది డాక్టరును అడుగుదామనండి. మరునాడు ఆమెనే వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్ళండి.

మూడవది విశ్వాసం సంగతి. ప్రార్థన మానమని ఏ వైద్యుడూ చెప్పడు. ప్రార్థన వల్ల ధైర్యం, నిద్ర, తోటివారి ఆదరణ దొరుకుతాయి. వైద్యమంతా పూర్తి చేయడానికి అవి ఎంతో అవసరం. కాని మందు వాడితే అవిశ్వాసమన్న మాట మీరు చదివే బైబిలులో నాకు కనిపించలేదు. రాజుల రెండవ గ్రంథం 20వ అధ్యాయం తీసి మీ అమ్మగారితో కలిసి చదవండి. హిజ్కియా రాజు జబ్బుపడి కన్నీళ్ళతో ప్రార్థించాడు. దేవుడు విన్నాడు, పదిహేనేళ్ళ ఆయుష్షు ఇస్తానన్నాడు. అయినా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. ప్రార్థన, పట్టు ఒకే గదిలో ఉన్నాయి. సువార్త వ్రాసిన లూకా వైద్యుడని పౌలు పత్రికలోనే ఉంది. మంచి సమరయుడు దెబ్బలు తిన్నవాడి గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టుకట్టి, సత్రానికి చేర్చి, ఖర్చులకు డబ్బు కూడా ఇచ్చాడు.

మన ప్రాంతం చరిత్ర కూడా అదే చెబుతుంది. 1915లో నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే మిషనరీ డాక్టరు కుష్ఠురోగులకు ఆసుపత్రి పెట్టింది. ప్రార్థన చేస్తూనే ఆనాటికి ఉన్న చాల్‌మూగ్రా నూనె ఇచ్చేవారు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు మూడు మందులు కలిపి ఇమ్మని చెప్పాక కుష్ఠు పూర్తిగా నయమయ్యే జబ్బయింది. మన ఊళ్ళనుంచి ఎందరో రైలెక్కి వెళ్ళే వెల్లూరు ఆసుపత్రిని 1900లో మొదలుపెట్టిన ఐడా స్కడ్డర్ కూడా మిషనరీయే. మందు అవిశ్వాసమైతే వీళ్ళు ఆసుపత్రులు కట్టేవారు కారు.

కనుక మీ అయ్యగారిని ఇంటికి పిలిపించండి. ఆపరేషనుకు ముందురోజు ప్రార్థన పెట్టుకోండి. నలభై రోజుల ప్రార్థన ఆమె తరఫున సంఘం చేయవచ్చు, ఆమె భోజనం మానకుండానే. ఆ పెద్దాయనను ‘ఆపరేషను బాగా జరగాలని ప్రార్థించండి’ అని మర్యాదగా అడగండి. ఒక్కటి గుర్తుంచుకోండి. రేపు వైద్యంలో ఇబ్బంది వచ్చినా, జబ్బు మళ్ళీ తిరగబెట్టినా ‘నీకు విశ్వాసం చాలలేదు’ అన్న మాట ఆమె చెవిన పడనివ్వకండి. జబ్బుతోపాటు ఆ నేరం కూడా మోయడం ఎవరివల్లా కాదు.

చివరిది చెల్లెలి పెళ్ళి. కాన్సర్ అంటువ్యాధి కాదు. రొమ్ము కాన్సర్లలో ఎక్కువ భాగం వంశపారంపర్యంగా వచ్చేవి కావు. అయితే మీ వంశంలో మరికొందరికి రొమ్ము లేక అండాశయ కాన్సర్ వచ్చి ఉన్నా, చిన్నవయసులో వచ్చినా ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. జన్యు పరీక్ష అవసరమేమో ఆయన చెబుతారు. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకసారి పరీక్ష చేయించుకుని, మామోగ్రాములు ఎప్పటినుంచి మొదలుపెట్టాలో అడగండి. సంబంధం కుదిరేటప్పుడు సంగతి చెప్పండి. దాచి చేసిన పెళ్ళికంటే చెప్పి చేసిన పెళ్ళి మేలు. తల్లికి అండగా నిలబడిన ఇంటి పిల్లను కాదనుకునేవారు మీకు చుట్టాలు కాకపోతేనే మంచిది.

ఇంట్లో పనులు పంచుకోండి. రిపోర్టులన్నీ తేదీల వారీగా ఒక ఫైలులో ఒకరే ఉంచాలి. ఆసుపత్రికి తోడు ఒకరు, వంట ఒకరు. మీ నాన్నగారికి రైల్వే మెడికల్ కార్డు ఉంటే లాలాగూడ రైల్వే ఆసుపత్రిలో ముందు అడగండి. ఆ వసతి లేని పాఠకులకు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ కాన్సర్ ఆసుపత్రి ఉంది. ఆరోగ్యశ్రీకి అర్హులైన కుటుంబాలకు తెలంగాణలో 2023 డిసెంబరులో పరిమితిని పది లక్షల రూపాయలకు పెంచారు. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగితే వివరాలు చెబుతారు.

ప్రశ్న: మా వారికి కీమోథెరపీ జరుగుతోంది. షుగరు కూడా ఉంది. లెంటు దినాలలో ఉపవాసం ఉండవచ్చా? గుడికి వెళ్ళవచ్చా?
— ఒక గృహిణి, మల్కాజిగిరి

జవాబు: ఉపవాసం వద్దు. షుగరు మందు వేసుకుని భోజనం మానితే షుగరు ఒక్కసారిగా పడిపోయి స్పృహ తప్పవచ్చు. కీమోలో బరువు తగ్గితే తరువాతి డోసు వాయిదా పడవచ్చు. రోగులకు కథోలిక సంఘం కూడా ఉపవాసం నుంచి మినహాయింపు ఇస్తుంది. భోజనానికి బదులు ఆయన సినిమానో, కోపాన్నో మానుకోవచ్చు!

కీమో ఇచ్చిన తరువాత సుమారు ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య తెల్లకణాలు బాగా తగ్గుతాయి. ఆ రోజుల్లో గుంపులోకి వెళ్ళవద్దు. ఒకే పాత్రలో అందరూ త్రాగే ప్రభు భోజనం వద్దు. అయ్యగారిని అడిగితే ఇంటికే తెచ్చి ఇస్తారు. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే మాత్ర వేసి ఊరుకోకుండా, అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

ప్రశ్న: మా స్త్రీల మైత్రి తరఫున కాన్సర్ రోగులను చూడడానికి వెళుతుంటాం. ఏమి మాట్లాడాలో తెలియడం లేదు.
— ఒక సభ్యురాలు, మారేడుపల్లి

జవాబు: యోబు స్నేహితులు అతని బాధ చూసి ఏడు రోజులు నోరు విప్పకుండా పక్కన కూర్చున్నారు. అంతవరకూ వాళ్ళు మంచి స్నేహితులే. నోరు విప్పాకే చిక్కు వచ్చింది! ‘ఏ పాపానికి వచ్చిందో’ అనవద్దు. చనిపోయినవారి కబుర్లు చెప్పవద్దు. ఆకు పసరు, మూలికల సలహాలు ఇవ్వవద్దు. జలుబు, దగ్గు ఉన్నవారు వెళ్ళవద్దు. పదిహేను నిమిషాలకు మించి కూర్చోవద్దు. ప్రార్థన చేయమంటారా అని ముందు అడిగి, చిన్నగా చేయండి. వెళ్ళేటప్పుడు ‘ఏదైనా కావాలంటే చెప్పండి’ అనేకంటే, ‘మంగళవారం రేడియేషనుకు నేను తోడు వస్తాను, ఆ రోజు కారేజీ మా ఇంటినుంచి’ అని చెప్పి, ఆ మాట నిలబెట్టుకోండి. రోగికి, రోగి ఇంటివారికి కావలసిన ఆదరణ అదే.