పాత రీలు - మూత విప్పని ఇంజనీరు

చేపల గాలం గురించి సావనీరులో వ్యాసమేమిటని నవ్వుకునే మిత్రులు నవ్వుకోవచ్చు. "ఏదైనా రాయండి సార్" అని సంపాదకులు ఉత్తరం రాశారు. నాకు బాగా తెలిసిన 'ఏదైనా' ఇదొక్కటే.

మెకానికల్ చదివి ఫ్లోరిడా చేరిన నాకు అక్కడ పట్టిన పిచ్చి సముద్రపు ఫ్లై ఫిషింగ్. ఈకలూ వెంట్రుకలూ కొక్కేనికి కట్టి, ఇదే రొయ్య అని చేపని నమ్మించి, బరువైన దారాన్ని గాలిలో ఊపి విసరడం. చిన్న ఏటి చేపలకైతే రీలు దారం చుట్టి పెట్టుకునే డబ్బా, అంతే. సముద్రంలో అలా కుదరదు. అక్కడ టార్పన్ అనే చేప ఉంది. వంద పౌన్లు దాటడం దానికి మామూలు. కొక్కెం గుచ్చుకోగానే వంద గజాల దారం లాక్కుపోతుంది. అప్పుడు దాన్ని నిలవరించేది రీలు లోపలి బ్రేకు. దాన్ని డ్రాగ్ అంటారు.

నేను కొన్న మొదటి సెకండ్ హాండ్ రీలు పెళ్ళికొడుకులా మెరిసిపోతుండేది. "ఒక్కసారే వాడాను" అన్నాడు అమ్మినాయన. నమ్మాను. బహియా హోండా వంతెన దగ్గర చేప పడింది. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, రీలు కదల్లేదు. 16 పౌన్ల దారం టప్పున తెగింది. ఇంటికొచ్చి విప్పితే డ్రాగ్ బిళ్ళలు అతుక్కుపోయి ఉన్నాయి, లోపలంతా తెల్లటి పొడి. స్థైతిక ఘర్షణ గతిక ఘర్షణ కన్నా ఎక్కువని పరీక్షలో రాసి మార్కులు కొట్టేసినవాణ్ణే! నా గూబ మీద కొట్టి ఆ పాఠం చెప్పింది మాత్రం ఆ చేప.

రెండోసారి నా కళ్ళు బిల్లీ పేట్ రీలు మీద పడ్డాయి. 1976లో వచ్చిన డిజైను. తయారు చేసిన టెడ్ జురాసిక్ హంగరీ నుంచి వలస వచ్చిన టూల్ అండ్ డై పనివాడు. రీలుకి పేరిచ్చిన బిల్లీ పేట్ 1982లో హొమొసాసాలో 16 పౌన్ల దారం మీద 188 పౌన్ల టార్పన్‌ని పట్టిన ఘనుడు. నేను చూసిన రీలుకి బంగారు రంగు సగం పోయింది, అంచున గీతలు. మా రూమ్మేటు, మన కాలేజీవాడే, "ఒరేయ్, 220 డాలర్లు పోసి తుక్కు కొంటావా?" అన్నాడు.

గీతలు నన్ను భయపెట్టలేదు. చక్రాన్ని పక్కలకి ఊపి చూశాను, లొటలొట లేదు. కర్రకి బిగించే పాదం వంగలేదు. దారం చివర స్ప్రింగు తక్కెడ తగిలించి మెల్లగా లాగాను: కదలడానికి పట్టిన బలమూ, కదిలాక పట్టే బలమూ దాదాపు ఒక్కటే. అసలు పరీక్ష ఇదే. తర్వాత విప్పించాను. కార్కు బిళ్ళ ఎండి పగల్లేదు, నొక్కితే కాస్త మెత్తగా ఉంది. స్టీలు మరలు అల్యూమినియంలో దిగినచోట గుంటలు పడలేదు. ఉప్పునీటిలో ఆ రెండు లోహాలు కలిస్తే బాటరీయే కదా! అడుగున చుట్టిన పాత దారమంతా తీసి పారేశాను. ఉప్పు దాక్కునేది దాని కిందే.

అలాగని పాతదంతా బంగారమని నేననను. ఈ రీలు ఇరుసు సన్నం. దారం బయటికి పోయేకొద్దీ చుట్ట వ్యాసార్ధం తగ్గుతుంది. అది సగమైతే అదే డ్రాగ్ మీద దారంలో లాగుడు రెట్టింపవుతుంది. చేప దూరం పోయిందని డ్రాగ్ బిగించేవాడు తెలివితక్కువవాడు, వదులు చెయ్యాలి. తిరిగి చుట్టడం కూడా ఆలస్యమే, ఒక్కో తిప్పుకి వచ్చే దారం తక్కువ. ఈ రెండు విషయాల్లో పెద్ద ఇరుసు ఉన్న కొత్త రీళ్ళే మేలు. కాని మూత వేసి సీలు చేసిన కొత్త డ్రాగ్ పాడైతే పోస్టులో కంపెనీకి పంపాలి. నాది వంటింటి బల్ల మీద విప్పుకుంటాను. వేట అయ్యాక మంచినీళ్ళు సన్నగా పోసి కడుగుతాను. గొట్టంతో జోరుగా కొడితే ఉప్పు లోపలికే పోతుంది. డ్రాగ్ పూర్తిగా వదులు చేసి దాస్తాను, లేకపోతే కార్కు అణిగిపోయి అలాగే ఉండిపోతుంది.

ఇంకో జాతి ఉంది, ఇలాంటి రీళ్ళని గాజు బీరువాలో పెట్టి మురిసేవాళ్ళు. వాళ్ళతో నాకు పేచీ. చేప పట్టని రీలు పేపర్‌వెయిట్! కొత్తదైతే చాలనేవాడూ, పాతదైతే చాలనేవాడూ ఇద్దరూ మూత విప్పే శ్రమ తప్పించుకుంటున్నవాళ్ళే. మా రోజుల్లో లాబులో మూత విప్పడం అటెండరు పని అనుకునేవాళ్ళం. ఇప్పుడెలా ఉందో మీరే చెప్పాలి.

ఇదంతా కేవలం నా సరదా సంగతి కాదు. 2013 నుంచి ఫ్లోరిడాలో టార్పన్‌ని పట్టి వదిలేయాల్సిందే, రికార్డు కోసం ప్రత్యేకంగా టాగ్ కొన్నవాళ్ళకి తప్ప. డ్రాగ్ సరిగా లేక పోరు గంటలకొద్దీ సాగితే, అలసిన చేపని వదిలినా వంతెన కింద సొరచేప కాచుకుని ఉంటుంది. నా చేతకానితనానికి అది ప్రాణం ఇవ్వాలా?

మరుసటి వేసవిలో అదే వంతెన దగ్గర రూమ్మేటుని కూడా పడవెక్కించాను. టార్పన్ పడింది. రీలు ఝుమ్మని ఒక్క తీరుగా దారం వదిలింది. ఇరవై అయిదు నిమిషాల్లో చేప పడవ పక్కకొచ్చింది. నీళ్ళలోనే కొక్కెం తీశాం. తోక ఒక్కసారి విదిల్చి వెళ్ళిపోయింది.

వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఇటివ్వరా, లోపలేముందో చూస్తాను" అన్నాడు.