దాపరికం లేని యంత్రం

విండోస్ 10కు దాని తయారీ కంపెనీ ఉచితంగా ఇస్తూ వచ్చిన మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కించుకుందామంటే అది అడిగే హంగులు పాత కంప్యూటర్లలో చాలావాటికి లేవు. ఎనిమిది తొమ్మిదేళ్ల కిందట పిల్లల చదువు కోసమని వాయిదాల మీద కొన్న ల్యాప్‌టాప్‌లు మన ఇళ్లలో బోలెడున్నాయి. తెర బాగానే వెలుగుతుంది, మీటలు బాగానే పలుకుతాయి. అలాంటిదాన్ని పాత సామాన్ల బండికి వేయడానికి మనసొప్పక, విండోస్ బదులు లినక్స్ వేసి చూద్దామనుకునే వాళ్లు ఇప్పుడు చాలామంది కనబడుతున్నారు. మంచి ఆలోచన.

పెన్‌డ్రైవ్ నుంచి ఎక్కించడం ఎంతో సేపు పట్టని పని. చిక్కు ఆ తర్వాత వస్తుంది. వైఫై గుర్తు కనబడదు. స్పీకరు మూగబోతుంది. మూత వేస్తే నిద్రపోయిన యంత్రం మళ్లీ కళ్లు తెరవదు. ఇది మనకు అచ్చిరాదని చాలామంది అక్కడే వదిలేస్తారు. ఇంకాస్త ఓపిక పట్టి ఉంటే బాగుండుననిపిస్తుంది. ఎందుకంటే లినక్స్ తన బాధను దాచుకోదు. ఎక్కడ నొప్పిగా ఉందో అక్షరాల్లో రాసి పెడుతుంది. చదివేవాళ్లు కావాలి, అంతే.

ఈ మధ్య తెలిసినవాళ్ల ఇంట్లో ఇదే జరిగింది. డిగ్రీ చదివే మనవరాలు పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసింది. వైఫై రాలేదు. నల్లటి టెర్మినల్ తెరిచి డీమెసేజ్ అనే ఆదేశం కొట్టింది. యంత్రం మేలుకున్నప్పటి నుంచి, లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ తనలో తాను చెప్పుకున్న మాటలన్నీ వరుసగా తెర నిండా దిగాయి. పక్కనే కూర్చున్న తాతయ్య కళ్లజోడు సర్దుకున్నారు.

‘ఏమంటోందమ్మా అది?’

‘ఫర్మ్‌వేర్ ఎక్కలేదంటోంది తాతయ్యా. ఎర్రర్ మైనస్ 2 అట.’

‘మైనస్ రెండంటే?’

‘ఆ పేరుతో ఫైలు లేదని.’

‘లేకపోతే తెచ్చిపెట్టు మరి. అడుగుతోందిగా!’

ఫర్మ్‌వేర్ అంటే వైఫై చిప్పు పని మొదలుపెట్టాలంటే దానిలోకి ఎక్కించాల్సిన చిన్న ప్రోగ్రాం. దాన్ని తేవాలంటే నెట్ ఉండాలి, నెట్ ఉండాలంటే వైఫై రావాలి. పిచ్చి కుదిరితేగాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితేగాని పిచ్చి కుదరదు! ఆ అమ్మాయి తన ఫోనును ఛార్జింగు తీగతో ల్యాప్‌టాప్‌కు కలిపి, ఫోనులో యూఎస్‌బీ టెథరింగ్ నొక్కింది. నెట్ వచ్చింది, ఫైలు దిగింది. ఆపి మళ్లీ వేస్తే వైఫై గుర్తు వెలిగింది. తాతయ్య పాల లెక్కల పుస్తకం తీసి, ఆ తేదీ కింద మూడు వాక్యాలు రాసుకున్నారు: ఏమి రాలేదు, యంత్రం ఏమంది, ఏం చేస్తే వచ్చింది.

ఈ ఇబ్బంది ఎందరిదో. ఇలాంటి ఫర్మ్‌వేర్ చాలావరకు చిప్పుల కంపెనీల సొత్తు, దాని సోర్స్ కోడ్, అంటే మూలం, బయటికి రాదు. అందుకే లినక్స్‌ను కూర్చి అందించే పంపిణీల్లో పెద్దవాటిలో ఒకటైన డెబియన్ దాన్ని తన అధికారిక ఇన్‌స్టాలర్‌లో చాలాకాలం చేర్చలేదు. 2022లో సభ్యులు ఓటు వేసుకుని మనసు మార్చుకున్నారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి అది కూడా వస్తోంది. సిద్ధాంతం మీద నిలబడ్డవాళ్లు సామాన్యుడి తిప్పలు చూసి ఒక మెట్టు దిగారు. అది ఓటమి కాదు, దయ.

ఈస్టిండియా కంపెనీ హయాంలో దొరకూ రైతుకూ మధ్య దుబాసీ ఉండేవాడు. కంప్యూటర్లో ఆ పని డ్రైవరుది. కెర్నల్ మాట చిప్పుకు తెలియదు, చిప్పు భాష కెర్నల్‌కు తెలియదు. ఇద్దరి నడుమ డ్రైవరు నిలబడి మాట చేరవేస్తుంది. సుమారు 4 కోట్ల పంక్తులున్న లినక్స్ కెర్నల్‌లో సగానికి పైగా ఈ దుబాసీలే. ఏ పరికరానికి ఏ దుబాసీ కావాలో తేల్చడానికి ఒక చక్కని ఏర్పాటుంది. ప్రతి పరికరమూ రెండు సంఖ్యలు చెప్పుకుంటుంది. మొదటిది తయారీ సంస్థది, రెండోది ఆ పరికరానిది. ఇంటిపేరు ముందు, పేరు తర్వాత, అచ్చం మన తెలుగువాళ్ల పేర్లలాగే. ఇంటెల్ వారి ఇంటిపేరు 8086. అది 1978లో వాళ్లు తెచ్చిన ప్రాసెసర్ పేరు. ఎల్ఎస్‌పీసీఐ అనే ఆదేశానికి ‘-k’ జోడించి కొడితే ఇంట్లో ఎవరెవరున్నారో, ఎవరికి దుబాసీ దొరికాడో, ఎవరు ఒంటరిగా మిగిలారో తెలిసిపోతుంది.

కొన్ని కంపెనీలు తమ చిప్పుల భాషను ఎవరికీ నేర్పలేదు. బ్రాడ్‌కామ్ వైఫై చిప్పుల సంగతే తీసుకోండి. కంపెనీ వివరాలివ్వకపోతే ఔత్సాహికులు ఆ కంపెనీ డ్రైవరు చిప్పుతో ఎలా మాట్లాడుతోందో శోధించి, ఒక్కో మాటా పట్టుకుని సొంతంగా డ్రైవరు రాశారు. అది 2006లో కెర్నల్‌లో చేరింది. నాలుగేళ్ల తర్వాత, 2010లో, ఆ కంపెనీయే తన కొత్త చిప్పులకు మూలంతో సహా డ్రైవరు ఇచ్చింది. తలుపు తెరుచుకునేదాకా తట్టినవాళ్ల ఓపిక అది.

అసలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి బీజం పడింది కూడా ఇంత చిన్న ఇబ్బందిలోనే. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ ప్రయోగశాలకు ఒక కొత్త లేజర్ ప్రింటరు వచ్చింది. కాగితం ఇరుక్కుంటే అది ఎవరికీ చెప్పేది కాదు. పాత ప్రింటరుకు అలాంటి కబురు పంపే ఏర్పాటును అక్కడ పనిచేసే రిచర్డ్ స్టాల్‌మన్ స్వయంగా చేసుకున్నారు. కొత్తదానికీ చేద్దామంటే ప్రోగ్రాం మూలం ఉన్నవాళ్లు ఇవ్వలేదు. ఆ కాదనడం ఆయన మనసులో ముల్లులా గుచ్చుకుంది. 1983లో ఆయన మూలం దాచని సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ ప్రాజెక్టు ప్రకటించారు. 1991లో హెల్సింకీ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ రాసిన కెర్నల్ దానికి జతపడింది. ఇరుక్కున్న కాగితం సంగతి తనకు చెప్పాలని ఒక మనిషి అడిగిన చిన్న కోరికకు, మనవరాలి తెర మీద కనబడ్డ ఆ మైనస్ 2కు దూరపు చుట్టరికం ఉంది.

యంత్రం చెబుతుంది కదా అని తొందరపడితే లాభం లేదు. నాలుగు చోట్ల దొరికిన నాలుగు చిట్కాలూ ఒకేసారి ప్రయోగిస్తే ఏ మందు పనిచేసిందో తెలియదు, ఏది వికటించిందో అసలే తెలియదు. ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలి, చేసినది రాసుకోవాలి. కొత్త కెర్నల్ వచ్చాక చెడితే, యంత్రం మేలుకునే వేళ మెనూలో పాత కెర్నల్‌ను ఎంచుకుని చూడాలి. డ్రైవరును తిట్టే ముందు ల్యాప్‌టాప్ పక్కనుండే వైఫై మీట ఆపి ఉందేమో, ర్యామ్ చెడిందేమో, డిస్కు తీగ వదులైందేమో చూసుకోవాలి. నాడి పట్టకుండా మందివ్వని వైద్యుడిలా ఉండాలి.

అప్పటికీ కుదరకపోతే? అప్పుడే అసలైన గౌరవం దక్కేది. కొత్త కెర్నల్ వచ్చినందువల్ల నిన్నటిదాకా నడిచినది ఆగిపోకూడదన్నది టోర్వాల్డ్స్ పట్టుబట్టే నియమం. ఆగిపోయిందని ఒక గృహస్థు తేదీ, కెర్నల్ సంఖ్య, యంత్రం రాసిన పంక్తులతో సహా తెలియజేస్తే దానికి విలువుంటుంది. పదివేల మార్పుల మధ్య దోషం దాగి ఉన్నా, ఉన్నవాటిని సగానికి సగం విడగొడుతూ పోతే పద్నాలుగు పరీక్షల్లో అది దొరికిపోతుంది. దిద్దుబాటు రాసినవారు దాని అడుగున ‘రిపోర్టెడ్ బై’ అని ఆ చెప్పినవారి పేరు చేరుస్తారు. ప్రోగ్రాములో ఒక్క అక్షరం రాయని మనిషి పేరు కెర్నల్ చరిత్రలో నిలిచిపోతుంది. తప్పు చూపించినవారిని పక్కకు నెట్టకుండా దిద్దుబాటులో భాగస్వామిని చేసుకునే చోటు మన చుట్టూ ఎన్ని ఉన్నాయి?

ఒక్క లోటు మాత్రం మనది. కెర్నల్ తన గోడు ఇంగ్లిషులోనే చెప్పుకుంటుంది. జిల్లా పరిషత్ బడిలో చదివిన పిల్లకు ఆ పంక్తులు పక్కన కూర్చుని విప్పి చెప్పేవాళ్లు కావాలి. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ కాలేజీ విద్యార్థుల మధ్య స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమాన్ని నడుపుతోంది. అది సంతోషించాల్సిన సంగతే. కానీ ఈ బరువంతా ఒక సంస్థ మీద వేస్తే చాలదు. తెలిసిన ప్రతి ఒక్కరూ తమకు తెలిసినంత తెలుగులో రాసి పెట్టాలి. ఏమి రాలేదు, యంత్రం ఏమంది, ఏం చేస్తే వచ్చింది – ఈ మూడు వాక్యాలు చాలు.

వారం తిరగకముందే పక్కింటి కుర్రాడు తన పాత ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఆ ఇంటికి వచ్చాడట. దాంట్లోనూ వైఫై రావడం లేదు. మనవరాలు కాలేజీలో ఉంది. తాతయ్య కుర్రాణ్ని కూర్చోమని, పాల లెక్కల పుస్తకం తెరిచి ముందు పెట్టారు.