మానై వంగినవాళ్లు

"మొక్కై వంగనిది మానై వంగునా" అనే సామెతను మన కళాశాల ఆవరణలో విన్నన్ని సార్లు నేను మరెక్కడా వినలేదు. జావెలిన్ విసిరేటప్పుడు మోచేయి కిందికి జారిపోతున్న కుర్రవాణ్ణి చూపించి, "కాస్త దిద్దకూడదటండీ?" అని అడిగితే ఇదే జవాబు. చేతిరాత కుదరని వాడి గురించీ ఇదే, నలుగురి ఎదుట ఇంగ్లీషులో నోరు మెదపలేని అమ్మాయి గురించీ ఇదే. పసిపిల్లల పెంపకానికి పనికొచ్చే మాటే కావచ్చు, కాదనను. ఇరవై ఏళ్ల వాడి మీద దాన్ని తీర్పులాగా చదివేసి చేతులు దులుపుకోవడం మీదే నా పేచీ. పందొమ్మిదేళ్లకే మనిషి మాను అయిపోతే ఇక విశ్వవిద్యాలయం ఎందుకు, కట్టెల అడితీ పెట్టుకుంటే సరిపోదూ!

ఈ పేచీలో నా తరఫు సాక్ష్యం గోల్ఫు ఆట. నవ్వకండి. అది డబ్బున్నవారి ఆట అనీ, ఎకరాల కొద్దీ పచ్చికకు నీళ్లు తాగించే ఆట అనీ నాకూ తెలుసు. వేసవిలో కుళాయి దగ్గర బిందెలు బారులు తీరే ఊళ్లో మన కళాశాలకు గోల్ఫు మైదానం కావాలని అడిగేటంతగా నాకు మతి పోలేదు. అయితే పెద్దయ్యాక, అందులోనూ పేరు వచ్చాక, ఒంటి కదలికను మొదలంటా విప్పి మళ్లీ కట్టుకున్న వాళ్లు ఆ ఆటలో కనిపించినంత స్పష్టంగా మరో ఆటలో నాకు కనిపించలేదు. పైగా మూడేళ్లుగా ఆదివారాలు ముడసర్లోవ వెళ్లి నేనూ ఒక కర్ర పట్టుకుని తిప్పుతున్నాను కనక, చదివినదాంట్లో కొంత నా నడుముకు కూడా తెలిసింది.

పైకి చూస్తే ఇంతకంటే తేలికైన పని లేదనిపిస్తుంది. బంతి నిమ్మకాయంత. బరువు 46 గ్రాములకు మించదు. క్రికెట్టు బంతిలాగా మీదికి రాదు, బుద్ధిగా గడ్డిలో కూర్చుని ఉంటుంది. మనం కర్ర ఎత్తి దించాలి, అంతే. కాని ఎత్తిన కర్ర కిందికి దిగి బంతిని తాకడానికి పట్టేది సుమారు పావు సెకను. కర్రకూ బంతికీ మధ్య స్పర్శ సెకనులో రెండువేలవ వంతు. కంటితో చూసి చెయ్యి దిద్దుకోవడానికి మనిషికి సెకనులో అయిదో వంతు దాకా కావాలి. అంటే దెబ్బ దిగడం మొదలయ్యాక దిద్దుబాటుకు దాదాపు వ్యవధి లేదన్నమాట. ముందుగా ఒంట్లో ఏది ఉంటే అదే బయటికి వస్తుంది, మన వైవా పరీక్షలో లాగా.

1968లో అలస్టెయిర్ కోక్రన్, జాన్ స్టాబ్స్ బ్రిటన్‌లో వెలువరించిన పరిశోధన గ్రంథం ఈ ఊపును రెండు కీళ్ల లోలకంగా చూపించింది. భుజాల నడుమ ఒక కీలు, మణికట్టు దగ్గర రెండోది. మన బీఎస్సీ విద్యార్థికి అర్థం కానిదేమీ అందులో లేదు. అసలు కీలకం క్రమంలో ఉంది. దిగేటప్పుడు ముందు నడుము తిరుగుతుంది, దాని వెనక ఛాతీ, ఆ వెనక చేతులు, అన్నిటికంటే చివర కర్ర. ఒక్కొక్కటీ తాను నెమ్మదిస్తూ తన వేగాన్ని తరువాతి దానికి అప్పగిస్తుంది. కొరడా చివర చప్పుడు చేసేది ఇందుకే. కొత్తవాడు చేసేది సరిగ్గా తలకిందులు. చేతులు ముందు పరుగెడతాయి, నడుము గుర్తొస్తే తరువాత వస్తుంది.

ఇక్కడ అందరూ దాటిపోయే సంగతి ఒకటుంది. పాత అలవాటు ఒంటరిగా ఉండదు, తనను కప్పిపుచ్చే ఇంకో అలవాటును వెంట పెట్టుకుని ఉంటుంది. కుడిచేతి వాటం వాళ్లలో చాలామంది కొట్టిన బంతి గాలిలో కుడివైపుకు వంపు తిరుగుతుంది. దాన్ని స్లైసు అంటారు. నాలుగు వారాలు చూసి, అది ఎలాగూ కుడికి పోతుంది కదా అని ఆటగాడు తనకు తెలియకుండానే ఎడమకు తిరిగి నిలబడతాడు. బంతి ఎడమకు బయల్దేరి, కుడికి వంగి, మైదానం మధ్యలో పడుతుంది. చూసేవాళ్లు చప్పట్లు కొడతారు. ఇప్పుడు ఎవరో పుణ్యాత్ముడు అతని ఊపును దిద్దాడనుకోండి. జన్మలో మొదటిసారి బంతి వంపు లేకుండా తిన్నగా పోతుంది. తిన్నగా పోయి, అతను తిరిగి నిలబడిన ఎడమవైపు తుప్పల్లో పడుతుంది! మంచి దెబ్బ, పోయిన బంతి. లెక్క రాసేవాడు బంతినే రాస్తాడు. ఆ సాయంత్రమే ఆ ఆటగాడు "పాతదే నయం" అని వెనక్కి వెళ్లిపోతాడు. నేర్చుకోవడం సరిగ్గా మొదలైన రోజునే ఫలితం చెడ్డగా కనబడుతుందన్నది నా వాదానికి ఆయువుపట్టు.

నిక్ ఫాల్డో కథ చూడండి. ఇంగ్లండు ఆటగాడు. 1983లో బహుమతి సొమ్ములో యూరప్‌కే ప్రథముడు. 1984లో అమెరికాలోనూ ఒక పోటీ నెగ్గాడు. ఎవరైనా ఇక చాలనుకుంటారు. అతనికి మాత్రం పెద్ద పోటీల ఆఖరి గంటలో తన ఊపు నిలవడం లేదని తెలుసు. బ్రిటిష్ పత్రికలు పేరులో ఒక్క అక్షరం మార్చి, మడతపడిపోయేవాడు అనే అర్థం వచ్చేలా "ఫోల్డో" అని ఎగతాళి కూడా చేశాయి. 1985లో, ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, డేవిడ్ లెడ్‌బెటర్ అనే శిక్షకుడి దగ్గరికి వెళ్లి ఊపు మొత్తం విప్పేయించుకున్నాడు. దాదాపు రెండేళ్లు ఆట కిందికి దిగింది. గెలిచే మనిషి, గెలుపు తెచ్చిన ఊపును పనిగట్టుకుని పాడుచేసుకున్నాడని జనం అనుకున్నారు. 1987లో స్కాట్లండులోని మ్యూర్‌ఫీల్డ్‌లో ఓపెన్ ఆఖరి రోజున పద్దెనిమిది గుంటలకు పద్దెనిమిదీ "పార్" కొట్టాడు, అంటే ప్రతి గుంటలోనూ నిర్ణయించినన్ని దెబ్బల్లోనే బంతి వేశాడు, ఒకటి ఎక్కువా లేదు, ఒకటి తక్కువా లేదు. ఒక్క దెబ్బ తేడాతో గెలిచాడు. మెరుపులు లేని ఆ రోజు నాకు మెరుపుల రోజుల కంటే ఎక్కువగా నచ్చుతుంది, ఎందుకంటే అతను ఆ రెండేళ్లూ పెట్టి కొనుక్కున్నది అదే. ఏడాదికి నాలుగే జరిగే మేజరు పోటీల్లో అలాంటివి మొత్తం ఆరు గెలిచాడు, ఆరూ మారిన తరువాతే.

టైగర్ వుడ్స్ సంగతి ఇంకా విడ్డూరం. 1997లో మాస్టర్స్‌ను పన్నెండు దెబ్బల తేడాతో గెలిచి, ఆ వెంటనే శిక్షకుడు బుచ్ హార్మన్‌తో కూర్చుని ఊపు మార్చడానికి పూనుకున్నాడు. 1998లో అమెరికా సర్క్యూట్‌లో దక్కింది ఒక్క విజయం. 1999లో ఎనిమిది. 2000లో యు.ఎస్. ఓపెన్‌ను పదిహేను దెబ్బల తేడాతో గెలిచాడు. 1998 డిసెంబరులో మన ఎంపిక సంఘం కూర్చుని ఉంటే ఆ కుర్రవాడికి జట్టులో చోటు దొరికేదా అన్నది నా సందేహం.

బెన్ హోగన్‌ను కూడా చెప్పాలి. బంతి ఎడమకు కొరికేసే హుక్కుతో ఏళ్లకేళ్లు బాధపడి, ముప్పై దాటాక దాన్ని వదిలించుకున్న మనిషి. 1949 ఫిబ్రవరిలో అతని కారును ఒక బస్సు ఢీకొంది. మళ్లీ నడవడమే కష్టమన్నారు. 1950లో, కాళ్లకు కట్లు చుట్టుకుని, యు.ఎస్. ఓపెన్ గెలిచాడు. మాను వంగడమంటే ఇంకేమిటండీ?

ఇంతకీ వంచడం ఎలా? ముడసర్లోవలో నాకు నేర్పుతున్న పెద్దాయన ఒకప్పుడు కేడీగా ఇతరుల సంచులు మోసినవాడు. బడిలో ఎక్కువ కాలం కూర్చోలేదు. మొదటి నెలంతా నా చేత బంతి కొట్టించలేదు. రెండు పాదాలూ దగ్గర పెట్టించి, చంకలో పాత తువ్వాలు ఇరికించి, అది జారకుండా సగం ఊపులు ఊపించాడు, అదీ నీళ్లలో కదిలినంత నెమ్మదిగా. బంతి పెట్టాక కూడా నేను తల ఎత్తి చూడబోతే, "బంతి ఎటెల్లిందో సూడకండి మాస్టారూ, మీ బెల్టు ఎటు తిరిగిందో అది సెప్పండి" అనేవాడు. ఒకరోజు నా చేతులు మరీ తొందరపడుతుంటే కర్ర లాక్కుని, "వల ఇసిరినోడు సేతుల్తో ఇసురుతాడేటి? నడుం తిరిగితే వలే ఇచ్చుకుంటాది" అన్నాడు. మన తీరంలో పెరిగినవాడు వల విసరడం ఎవరు చూడలేదు? మోచేయి, మణికట్టు, మెడ అంటూ పుస్తకాలు నాకు అప్పగించిన జాబితా అంతా ఆ ఒక్క మాటతో పక్కకు తప్పుకుంది.

ఆయన మాటకు శాస్త్రం వత్తాసు ఉంది. గాబ్రియెల్ వుల్ఫ్, ఆమె సహచరులు 1999లో ప్రచురించిన ప్రయోగంలో గోల్ఫు రాని వాళ్లను రెండు జట్లు చేశారు. ఒక జట్టును తమ చేతుల కదలిక మీద, రెండో జట్టును కర్ర కదలిక మీద మనసు పెట్టమన్నారు. కర్రను తలుచుకున్నవాళ్లే మెరుగ్గా కొట్టారు, తరువాత ఏమీ చెప్పకుండా పెట్టిన పరీక్షలోనూ వాళ్లే మెరుగు. మన ఆటస్థలంలో "మోచేయి! మోచేయి!" అని గట్టుమీద నుంచి అరిచే వారందరికీ ఈ సంగతి ఎవరైనా చేరవేస్తే బాగుండును. దానికి ఇరవై ఏళ్ల ముందు, 1979లో, జాన్ షీ, రాబిన్ మోర్గన్ అనే ఇద్దరు చేసిన పని ఇంకా ముఖ్యం. మూడు రకాల చేతి కదలికలను కొందరికి ఒకదాని తరువాత ఒకటి పూర్తిచేసి నేర్పారు, కొందరికి కలగాపులగంగా నేర్పారు. నేర్చుకునే వేళ రెండో జట్టు వెనకబడింది. పది రోజుల తరువాత అడిగితే బాగా గుర్తున్నది ఆ రెండో జట్టుకే. అభ్యాసం నాటి మార్కు వేరు, వచ్చిన విద్య వేరు. మనం మాత్రం మొదటిదాన్నే కొలుస్తాం, ఎందుకంటే కొలవడం సులువు.

ఎదురువాదన నాకు తెలుసు. జిమ్ ఫ్యూరిక్ అనే అమెరికన్ ఉన్నాడు. అతని కర్ర పైకి ఒక దారిన వెళ్లి, మెలిక తిరిగి, ఇంకో దారిన కిందికి దిగుతుంది. చూడటానికి అందం లేదు. అతనికి నేర్పిన తండ్రి దాన్ని దిద్దలేదు. ఆ మెలికతోనే 2003లో యు.ఎస్. ఓపెన్ గెలిచాడు, 2016లో ఒక రౌండును 58 దెబ్బల్లో ముగించాడు. ఇంకోవైపు 2007, 2008లలో మూడు మేజర్లు గెలిచిన ఐరిష్ ఆటగాడు పాడ్రిగ్ హారింగ్టన్ ఆ తరువాత కూడా ఊపును మారుస్తూనే పోయాడు. తరువాతి పదేళ్లలో నాలుగోది రాలేదు. కనక మార్పు అనగానే దండం పెట్టమని నేను చెప్పను. చూసేవాడి కంటికి వంకరగా ఉందని మార్చడం మూర్ఖత్వం. ఫాల్డోకు తన ఊపు ఎక్కడ విరుగుతోందో తెలుసు, అందుకే అతని రెండేళ్లు వృథా కాలేదు. ఆ విరిగే చోటును ఆటగాడు తానే చెప్పగలిగినప్పుడు మాత్రమే చెయ్యి పెట్టాలి. పల్లె నుంచి తన విసురు తాను నేర్చుకుని వచ్చిన కుర్రవాణ్ణి మొదటివారంలోనే పుస్తకంలో బొమ్మలాగా నిలబెట్టాలని చూసే అత్యుత్సాహం మన దగ్గరా ఉంది. అదీ ఆ సామెతంత చేటే.

ఇప్పుడు మన సంగతి. అంతర విశ్వవిద్యాలయ పోటీలకు ఎంపికలు ఏడాదికి ఒకసారి. ఆ రోజు ఎంత దూరం విసిరాడు, ఎన్ని వికెట్లు తీశాడు అన్నదే లెక్క. ఊపు మార్చుకునే దశలో ఉన్నవాడు ఆ రోజు ఖాయంగా ఓడిపోతాడు. ఓడితే జట్టు లేదు, జట్టు లేకపోతే బూట్లు లేవు, సాయంత్రం గుడ్లూ పాలూ లేవు, ఎవరూ పలకరించరు. ఇది తెలిసిన వాడెవడూ మార్చుకోవడానికి ఒప్పుకోడు. మూడేళ్లూ పాత వంకరతో నెట్టుకొచ్చి, డిగ్రీ పట్టుకుని వెళ్లిపోతాడు. మనం అతన్ని చూపించి "చెప్పానా, మానై వంగదని" అంటాం. విద్యార్థి సంఘాన్ని నేను తప్పు పట్టడం లేదు. ఏడాదికోసారి ఓట్లడిగేవారికి ఏడాదికోసారి గాజు బీరువాలో కప్పు కావాలి, అది సహజం. అయితే ఈ కిటుకు విప్పగలిగినదీ వాళ్లే.

నేను అడిగేది కొద్దిపాటి. జట్టుకు ఇద్దరు చొప్పున, ఆ ఏడాది కదలిక మార్చుకుంటున్నవారి కోసం చోటు అట్టిపెట్టండి. వాళ్లకు అందరితో పాటు సాధన, సామాను, ఫలహారం ఉండాలి. ఆ సీజనులో వాళ్ల దూరాలూ పరుగులూ ఎవరూ రాయకూడదు. ఏం మారుస్తున్నారో, ఎందుకో ఆటగాడూ శిక్షకుడూ కలిసి ఒక రిజిస్టరులో నాలుగు పంక్తులు రాసి సంతకాలు పెట్టాలి. పోటీకి రెండు నెలల్లోపు ఎవరి ఊపూ ముట్టుకోకూడదు. ప్రతివాడి జేబులోనూ కెమెరా ఉన్న ఫోను ఉంది గదా, మొదటి రోజున ఒకసారి, నెలకొకసారి ఎదురు నుంచీ పక్క నుంచీ తీసి దాచండి. రోజూ మాత్రం చూసుకోకండి. ఆపి ఆపి చూసే బొమ్మలో భంగిమలు కనబడతాయిగాని కదలిక కనబడదు.

"మరి ఈ ఏడాది కప్పు సంగతేమిటి?" అని అడుగుతారు. జట్టులో మిగతావారు ఆడతారు, తెస్తే తెస్తారు. రిజిస్టరుకు కావలసింది ఒక పొడుగు నోటుపుస్తకం. మొదటి పేజీలో రాయడానికి ముగ్గురి పేర్లు నా దగ్గరున్నాయి. అందులో ఒకరు ఆ జావెలిన్ కుర్రవాడే. వ్యాయామ విభాగం వారు ఎప్పుడు పిలిచినా వచ్చి చెబుతాను. ఆదివారం ఉదయం తప్ప.